రాత్రి హాజరు

"వాడు పెద్ద కేడీ" అని మన ఊళ్లలో ఇప్పటికీ అంటుంటారు. చిన్నాచితకా మోసాలు చేసేవాణ్ణి, మాటలతో బురిడీ కొట్టించేవాణ్ణి అలా పిలుస్తారు. సినిమాలకు కూడా ఆ పేరు పెట్టారు. నిజానికి అది తెలుగు మాట కాదు. పాత మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసు రిజిస్టర్లలో నుంచి జనం నోట్లోకి వచ్చిన రెండు ఇంగ్లీషు అక్షరాలు, కె., డి. 'నోన్ డిప్రెడేటర్' అన్నదానికి అవి పొడి అక్షరాలు. దోచుకునే అలవాటున్నవాడిగా పోలీసులకు తెలిసినవాడు అని దాని అర్థం. ఇందులో మనం పట్టుకోవలసింది 'తెలిసినవాడు' అన్న మాటను. కోర్టులో రుజువైనవాడు అని కాదు. పోలీసుకు తెలిస్తే చాలు.

మేము ఎరుకల ఇళ్లలో పుట్టి, చదువుకుని, కొందరం బడుల్లో పాఠాలు చెబుతూ, కొందరం చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ బతుకుతున్నవాళ్లం. ఈ వ్యాసంలో 'మేము' అన్నచోట ఎరుకలను, మాలాగే ఒకప్పుడు 'నేరస్థ తెగలు' అనిపించుకున్నవాళ్లను గుర్తుపెట్టుకోండి. 'మనం' అన్నచోట గిరిజనులందరూ వస్తారు. కోయ, గోండు, కొండదొర పిల్లలకు ఇది కొంత కొత్త చరిత్ర అనిపించవచ్చు. అడవిలో తుపాకీ పట్టుకుని ఎదురైన పోలీసు మీకు తెలుసు. రోడ్డు మీద, రైల్లో, సంతలో ఎదురైన పోలీసు మాకు తెలుసు. రెండు అనుభవాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం అవసరమని ఇది రాస్తున్నాం.

ముందు మా పేర్లే చూడండి. ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కరివేపాకు ఎరుకల. ఒకరు ఉప్పు మోసుకెళ్లి అమ్మినవాళ్లు. ఒకరు వెదురు దబ్బలు చీల్చి గంపలు, చాటలు అల్లినవాళ్లు. ఒకరు కరివేపాకు తిప్పి అమ్మినవాళ్లు. ఆడవాళ్లు గద్దె పట్టుకుని ఎరుక చెప్పేవారు. కోస్తాలోని ఉప్పు కొటారుల నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని రాయలసీమకు, ఇంకా పైకి పోయి, తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవాళ్లు. సుగాలీలది, అంటే లంబాడీలది కూడా ఇలాంటి బతుకే, కాకపోతే ఇంకా పెద్ద ఎత్తున. వేల ఎద్దులతో కదిలే వాళ్ల బిడారులే సైన్యాలకు తిండి అందించాయి. సంచారం అంటే ఆ రోజుల్లో పనీపాటూ లేక తిరగడం కాదు. రోడ్లు లేని దేశానికి అదే సరకు రవాణా.

ఆ పని మా చేతుల్లోంచి ఎలా పోయిందో ఏ పోలీసు పుస్తకంలోనూ ఉండదు. 1805లోనే కంపెనీ ప్రభుత్వం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పును తన గుత్తాధికారం కిందికి తెచ్చుకుంది. 1860ల నుంచి రైలు పట్టాలు సీమ మీదుగా పడ్డాయి. గాడిద మీద పది రోజులు నడిచే ఉప్పు ఒక్క రోజులో బళ్లారి చేరడం మొదలైంది. 1876-78 నాటి పెద్ద కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో మనుషులతోపాటు పశువులూ కుప్పకూలాయి. ఎద్దు పోతే మా వ్యాపారం పోయినట్టే. ఇక మిగిలింది వెదురు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి, వెదురు నరికితే నేరం, పశువును మేపితే నేరం అంది. అడవి గిరిజనులను, సంచార గిరిజనులను ఒకే చట్టం ఒకేసారి దెబ్బ కొట్టిన సందర్భం ఇది.

పని పోయిన మనుషులు ఊరి చివర డేరాలు వేసుకుని కనిపిస్తే పాలకులకు వాళ్ల చేతుల్లో పని కనిపించలేదు, అనుమానం కనిపించింది. 1871లో 27వ నంబరు చట్టంగా నేరస్థ తెగల చట్టం వచ్చింది. మొదట అది ఉత్తర భారతానికే. దాని వెనక ఉన్న వాదన చాలా తేలికైనది. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి, నేతగాడి కొడుకు నేతగాడు అవుతున్నాడు కాబట్టి దొంగ కొడుకు దొంగే అవుతాడు అన్నారు. కులం గురించి వాళ్లకు ఇక్కడి పెద్దకులాలు చెప్పిన కథను వాళ్లు నేరానికి అతికించారు. ఆ కాలంలోనే ఇటలీలో లాంబ్రోసో అనే వైద్యుడు పుట్టు నేరస్థులు ఉంటారనీ, ముఖం, పుర్రె చూసి పోల్చవచ్చనీ సిద్ధాంతం చేస్తున్నాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ మన తెగల తలలు, ముక్కులు కొలిచి లెక్కలు రాసుకున్నాడు. యూరప్‌లో జాతి అన్నారు, ఇక్కడ కులం అన్నారు. మనిషి చేసిన పనిని బట్టి కాక పుట్టిన ఇంటిని బట్టి అనుమానించడంలో రెండింటికీ తేడా లేదు.

మద్రాసు ప్రెసిడెన్సీకి ఈ చట్టం 1911లో వచ్చింది. అయితే పుస్తకాలు అంతకు ముందే తయారయ్యాయి. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి ప్రెసిడెన్సీలోని నేర వర్గాల మీద ఒక పుస్తకం రాశాడు. 1905లో ఎం. పాపారావు నాయుడు అనే రైల్వే పోలీసు అధికారి కొరవలు, ఎరుకల చరిత్ర అంటూ ఒక పుస్తకం వేశాడు. తెల్లవాడు రాసినదానికంటే ఇది మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేస్తుంది. మా గంపలు కొన్న ఊళ్లవాళ్లలో ఒకరు, మా ఎరుక విన్న ఇళ్లవాళ్లలో ఒకరు ప్రభుత్వం కోసం మా చరిత్ర రాస్తే అది దొంగల చరిత్ర అయింది. మా ఇళ్లలో మాట్లాడే భాష తమిళానికి దగ్గరగా ఉండే ద్రావిడ భాష. అమ్మ బిడ్డను జోకొట్టేదీ ఆ భాషలోనే. పరాయివాడి చెవికి మాత్రం అది దొంగల రహస్య భాష అయింది. మా అమ్మమ్మలు బస్సెక్కితే నోరు మూసుకునేవాళ్లు. మా తరంలో చాలామందికి ఆ భాష రాకపోవడానికి అది కూడా ఒక కారణం.

చట్టం ఏం చేసిందో కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. ఒక తెగను ప్రభుత్వం నేరస్థ తెగ అని గెజిట్‌లో ప్రకటిస్తే, ఆ ప్రకటన తప్పని ఏ కోర్టులోనూ వాదించడానికి లేదు. తెగవాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కుతాయి. వేలిముద్రలు తీసుకుంటారు. వేలిముద్రలతో మనుషుల్ని పోల్చే కార్యాలయం ప్రపంచంలో మొట్టమొదట 1897లో కలకత్తాలోనే మొదలైందని పోటీ పరీక్షల పుస్తకాల్లో గర్వంగా చదువుతాం. ఏ కేసూ లేకపోయినా ఫలానా ఇంట పుట్టినందుకే వేలిముద్రలు ఇచ్చుకున్నవాళ్లు ఎవరో ఆ పుస్తకాల్లో ఉండదు. రిజిస్టరులో ఉన్నవాడు ఊరు మారాలంటే చెప్పాలి, చుట్టం చూపుకు వెళ్లాలన్నా చెప్పాలి. నిర్ణయించిన వేళకు హాజరు పలకాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల ఆ వేళ రాత్రి పదకొండు గంటలు, మళ్లీ తెల్లవారుజామున మూడు గంటలు. పొద్దంతా కూలి చేసి వచ్చినవాడు మధ్యరాత్రి లేచి మునసబు అరుగు ముందు నిలబడి పేరు చెప్పాలి. మళ్లీ కోడి కూయకముందే లేచి చెప్పాలి. జ్వరమొచ్చినా, భార్య నొప్పులు పడుతున్నా చెప్పాలి. చెప్పకపోతే అదే నేరం. దొంగతనం చేయకుండానే జైలుకు పోయిన మా తాతల్లో చాలామంది ఇలా పోయినవాళ్లే. ఆ శిక్షలన్నీ లెక్కకట్టి, చూడండి ఈ తెగలో ఎంతమంది నేరస్థులో అని మళ్లీ రాశారు.

దీనికి ఎదురు తిరిగినవాళ్లు లేకపోలేదు. మదురై దగ్గర పెరుంగామనల్లూరులో పిరమలై కళ్లర్లు వేలిముద్రలు ఇవ్వమన్నారు. 1920 ఏప్రిల్ 3న పోలీసులు కాల్పులు జరిపి ఊరివాళ్లను చంపారు. అల్లూరి సీతారామరాజు పితూరీకి అప్పటికి రెండేళ్ల ముందు సంగతి ఇది. మన పాఠాల్లో రంప ఉంది కానీ పెరుంగామనల్లూరు లేదు.

1911 చట్టంలోని అన్నింటికంటే కఠినమైన భాగం సెటిల్‌మెంట్లు. తెగను మొత్తంగా ఒకచోటికి తోలి కంచె లోపల పెట్టడం, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో వేయడం ప్రభుత్వ అధికారమైంది. ఆ పని మిషన్లకు అప్పగించారు. బాపట్ల, చీరాల మధ్య సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. సీతానగరంలో ఒకటి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారిది కావలిలో ఒకటి. స్టువర్టుపురం నుంచి మావాళ్లు చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి కూలికి వెళ్లారు. మా కొరవ, ఎరుకల చరిత్ర మీద 'డిసానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకం రాసిన మీనా రాధాకృష్ణ ఈ సంగతిని వివరంగా చర్చించారు. పారిపోవడానికి వీల్లేని కూలీలు దొరకడం ఏ ఫ్యాక్టరీకైనా మంచిదే కదా. సంస్కరణ అన్నది, కూలీల సరఫరా అన్నది అక్కడ ఒకే గేటు లోపల జరిగాయి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా పెద్దల్లో ఆ సెటిల్‌మెంట్ల గురించి మంచిగా చెప్పినవాళ్లూ ఉన్నారు. బడి అక్కడే చూశాం, ఆసుపత్రి అక్కడే చూశాం, దొరసాని చేతి మందుతో బిడ్డ బతికింది అనేవాళ్లు. అబద్ధం కాదు. మా మొదటి తరం టీచర్లు, నర్సులు కొందరు ఆ బడుల నుంచి వచ్చినవాళ్లే. అయితే అదే పెద్దవాళ్లు గంట కొట్టిన చప్పుడు వింటే లేచి నిలబడేవాళ్లు. ముసలితనంలో గుడి గంట విన్నా సరే.

మావాళ్లలో దొంగలు లేరని కూడా మేము అనడం లేదు. స్టువర్టుపురం పేరు చెప్పుకుని బ్యాంకులు, ఇళ్లు దోచినవాళ్లున్నారు. వాళ్ల మీద సినిమాలు వచ్చాయి, 2023లో కూడా ఒకటి వచ్చింది. గుర్రం జాషువా కూతురు హేమలత, ఆమె భర్త లవణం 1970ల నుంచి అక్కడ ఏళ్ల తరబడి పనిచేసి చాలామందిని ఆ దారి నుంచి మళ్లించారు. మా ప్రశ్న వేరు. పెద్దకులంలో పుట్టినవాడు బ్యాంకును ముంచితే అతని పేరే పేపర్లో వస్తుంది. మావాడు గొలుసు లాగితే ఊరి పేరు, తెగ పేరు వస్తాయి. అక్కడ నేరం ఒక్కడిది, ఇక్కడ నేరం అందరిదీ.

చట్టాన్ని తీసేయడానికి మనవాళ్లు గట్టిగా పనిచేశారు. నెల్లూరి వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య బతికి, ఈ చట్టం రద్దు కోసం ఏళ్ల తరబడి పోరాడాడు. మద్రాసు ప్రభుత్వం 1947లోనే దాన్ని రద్దు చేసింది. దేశం మొత్తానికి అనంతశయనం అయ్యంగారు కమిటీ సిఫారసు మీద 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త దినం అంటాం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ల పదహారు రోజులకు మాకు వచ్చిందని మా సభల్లో చెప్పుకుంటాం.

కానీ మద్రాసు ప్రభుత్వం ఒక చేత్తో రద్దు చేసి మరో చేత్తో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో తన అలవాటు నేరస్థుల చట్టం చేసుకుంది. కొత్త చట్టంలో తెగ పేరు లేదు. వ్యక్తి పేరే ఉంటుంది, ముందు శిక్షలు పడి ఉండాలి అంటుంది. కాగితం మీద అది పెద్ద తేడానే. స్టేషన్లో మాత్రం పాత రిజిస్టరులోని పేర్లే కొత్త షీట్లలోకి ఎక్కాయి. తండ్రి మీద సస్పెక్ట్ షీట్ ఉంటే కొడుకును చూసే చూపు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? జాతీయ మానవ హక్కుల సంఘం 2000లో ఈ అలవాటు నేరస్థుల చట్టాలు తీసేయమంది. 2007లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ కూడా అదే అడిగింది.

1998 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే ఖేడియా శబర యువకుడు పోలీసు, జైలు నిర్బంధంలో చనిపోయాడు. భార్యతో కలిసి బజారుకు వెళ్లినవాణ్ణి పట్టుకుపోయారు. ఆత్మహత్య అన్నారు. మహాశ్వేతాదేవి అతని తెగవారితో కలిసి కలకత్తా హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆ కథను నమ్మలేదు. దర్యాప్తుకు, అతని భార్యకు పరిహారానికి ఆదేశించింది. ఆ కేసు నుంచే దేశంలో విముక్త జాతులన్నీ ఒకరికొకరు తెలిశాయి. గుజరాత్ ఛారాలు, మహారాష్ట్ర పార్ధీలు చెప్పిన అనుభవాలు వింటుంటే మా ఇంట్లో జరిగినవే వింటున్నట్టు ఉంటుంది.

మా ఇంట్లో జరిగినవి అంటే ఏమిటి? ఊళ్లో ఎక్కడో దొంగతనం జరుగుతుంది. తెల్లారుజామున మా వీధిలో జీపు ఆగుతుంది. "ఏరా, రాత్రి ఎక్కడున్నావు?" అన్నదే మొదటి ప్రశ్న. ఇంట్లోనే అంటే సాక్షి ఎవరు అంటారు. పెళ్లాం అంటే నవ్వుతారు. మాలో ఒకరి తమ్ముడు డిగ్రీ చదివే రోజుల్లో రైల్లో వస్తుంటే బోగీలో ఎవరిదో బ్యాగు పోయింది. అందరినీ ఊరు పేరు అడుగుతున్నారు. అతను స్టువర్టుపురం టికెట్ జేబులో పెట్టుకుని "బాపట్ల" అన్నాడు. టికెట్ చూశాక ఇక మాటల్లేవు. బ్యాగు తర్వాత ఆ బోగీలోనే వేరే బెర్తు కింద దొరికింది. రెండు రోజుల తర్వాత వదిలారు. ఏ కాగితమూ రాయలేదు, అందువల్ల అది జరగనట్టే. అతను ఇప్పటికీ ఒక స్టేషను ముందో, వెనకో దిగుతాడు. తప్పు చేయనివాడు అబద్ధం ఎందుకు చెప్పాలి అని పోలీసులు అడుగుతారు. నిజం చెప్పినా లాభం లేదని మూడు తరాలుగా నేర్చుకున్నవాడు అబద్ధమే చెబుతాడు. ఆ అబద్ధాన్నే మళ్లీ రుజువుగా రాసుకుంటారు.

ఆడవాళ్ల సంగతి ఇంకో రకం. మగవాడు దొరక్కపోతే అతని తల్లినో, భార్యనో స్టేషన్లో కూర్చోబెడతారు. మాకు తెలిసిన ఒకామె బుట్టలు అమ్ముకోవడానికి కాలనీలోకి వెళ్లడం మానేసింది. రెక్కీకి వచ్చావా అని ఇళ్లవాళ్లే ఫోన్ చేస్తున్నారట. పోలీసు రిజిస్టరులో పుట్టిన చూపు అది, ఇప్పుడు అపార్ట్‌మెంటు వాచ్‌మన్ దాకా వచ్చింది.

ఇటీవల కోర్టుల నుంచి రెండు ముఖ్యమైన తీర్పులు వచ్చాయి. టీచర్లు వీటిని పిల్లలకు చెప్పాలి. 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో, వెనకబడిన వర్గాలకు చెందినవారన్న కారణంతో యాంత్రికంగా హిస్టరీ షీట్లు తెరవకూడదని సుప్రీంకోర్టు అంది. అదే ఏడాది అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో, జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నియమాలను కొట్టేసింది. కొన్ని రాష్ట్రాల జైలు నియమావళుల్లో విముక్త జాతులను పుట్టుకతో నేరస్థులన్నట్టు రాసిన మాటలు చెల్లవంది. విముక్త జాతులవాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడమని పోలీసులకు చెప్పింది. 1952లో తీసేసిన ముద్ర 2024 దాకా జైలు పుస్తకాల్లో అచ్చులో ఉందన్నమాట. అది బయటపెట్టింది ఒక జర్నలిస్టు.

తీర్పు స్టేషన్ గుమ్మం దాకా దానంతట అది నడిచిరాదు. కాబట్టి యువకులకు కొన్ని పనికొచ్చే సంగతులు చెబుతాం. అరెస్టు చేసినవాణ్ణి ప్రయాణ సమయం కాక 24 గంటల లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఇది రాజ్యాంగం 22వ అధికరణం. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి. ప్రత్యేక కారణం లేకుండా సూర్యాస్తమయం తర్వాత ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అనుమానితుల్ని, అలవాటు నేరస్థుల్ని బైండోవర్ చేసే పాత 109, 110 సెక్షన్లు అందులో 128, 129 అయ్యాయి. నంబరు మారింది కదా అని మోసపోకండి. గిరిజనుల మీద తప్పుడు కేసు పెట్టడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం.

అన్నింటికంటే ముందు రాసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ బండి, ఎవరిని తీసుకెళ్లారు, ఎప్పుడు వదిలారు, ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మా పేటలో ఇద్దరు ఇంటర్ పిల్లలు ఒక నోటుబుక్కులో ఇవి రాయడం మొదలుపెట్టారు. మొదట పెద్దవాళ్లు భయపడ్డారు, ఎందుకురా తలనొప్పి అన్నారు. తర్వాత ఒక ముసలాయన వచ్చి కూర్చుని, ఈ మధ్యవి కాదు, తన చిన్నప్పటివి రాయమన్నాడు. వాళ్ల నాన్న హాజరుకు వెళ్లేటప్పుడు చేతిలో లాంతరు ఉండేదట. ఆ లాంతరుకు కిరోసిన్ కొనడానికి ఎవరి దగ్గర ఎంత అప్పు చేశారో ఆయనకు ఇంకా గుర్తుంది. పిల్లలు అది కూడా రాసుకున్నారు.